పన్నెండో నంబరు డబ్బా

పోయినవారం మనం నూటెనభైని కాటా ముందు గొంతుక్కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. థిన్నర్ పీపా ఎక్కించిన కాటా ముల్లు నిన్న సాయంత్రం చూపించిన అంకెకి మూడు కిలోలు వెనక్కి జరిగి, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది.

కొత్తగా చదివేవారికి నాలుగు ముక్కలు చెప్పాలి. వంటింటి అరలూ బట్టల బీరువాలూ చేసే ఆ కార్ఖానాలో నూటెనభైది సానపని. అంటే పాలిష్ పడేముందు చెక్కని గరుకు కాగితంతో రుద్ది నునుపు చేయడం. ఆమె తండ్రి అక్కడే పాలిష్ మేస్త్రి. నలభై ఏళ్లుగా అదే గది, అదే బల్ల. కార్ఖానా వెనక గోడకి అవతల పసిపిల్లల బడి ఉంది. పాలిష్ గది ఫ్యాను బయటికి నెట్టే గాలి పిల్లల మీదకే వస్తోందని, కళ్లు మండుతున్నాయని, తలనొప్పులని ఏడుస్తున్నారని పంతులమ్మ అర్జీ పెట్టింది. కాలుష్యం ఆఫీసు నుంచి మనుషులొచ్చి గొట్టాలు పెట్టి కొలిచారు. పాలిష్‌ని పలచన చేసే థిన్నర్ గాల్లో కలవడం సగానికి తగ్గాలి, లేకపోతే పాలిష్ గదికి సీలు వేస్తామని తలుపు మీద కాగితం అంటించి పోయారు. గడువు సోమవారం. ఆ బడిలో కిటికీ పక్క బెంచీ మీద కూర్చునే నాలుగేళ్ల పిల్ల నూటెనభై కూతురు.

చేయాల్సినవన్నీ చేశారు. పీపాలకి మూతలు బిగించారు. రంగు చిమ్మే గన్నుని కడగడానికి మూత ఉన్న పెట్టె తెచ్చారు. థిన్నర్ తుడిచిన గుడ్డల్ని ఎక్కడపడితే అక్కడ పడేయకుండా ఇనపడబ్బాలో వేసి మూస్తున్నారు. పాలిష్ చిక్కబడితే ఇంకో గ్లాసు థిన్నర్ పోసే పాత అలవాటు మానేసి, గిన్నెని వేడినీళ్లలో పెట్టి పలచన చేస్తున్నారు. పగటి లెక్క సగానికి పైగా పడిపోయింది. కానీ సాయంత్రం తాళం వేసి పొద్దున తీసేలోపు, మనిషి లేని గదిలోంచి, రోజూ మూడు కిలోలు మాయం. ఆ మూడు కిలోలే సోమవారానికి అడ్డం. అవి ఎటు పోతున్నాయో కనిపెట్టే పని కార్ఖానా ఓనరమ్మ నూటెనభై మీద పెట్టింది. ఇవాళ శనివారం.

ఆమె లేచి, నడుం మీద చేతులు పెట్టుకుని, కారడం లేదని తెలిసినా పీపా చుట్టూ ఇంకోసారి తిరిగింది. తాళం నాన్న దగ్గరే ఉంటుంది. అందరికంటే ఆఖరున వెళ్లేది ఆయన, ముందొచ్చేదీ ఆయన. దొంగ ఎలా వస్తాడు? వచ్చినా, థిన్నర్ మూటకట్టుకుని ఏం చేసుకుంటాడు?

నూటెనభై అంటే గరుకు కాగితం నంబరు. ఎనభై నంబరు అయితే చర్మం లేచిపోతుంది. మూడొందల ఇరవై అయితే చెంపకి రాసుకోవచ్చు. "మీ అమ్మ మూడొందల ఇరవై. నువ్వు మధ్యరకం" అని ఆమెకి ఏడేళ్లప్పుడు నాన్న పెట్టిన పేరు అది. పెళ్లయింది, పిల్ల పుట్టింది, అమ్మ పోయింది. ఎన్ని జరిగినా ఆ పేరు మాత్రం అరగలేదు.

ఆ ఏడేళ్లప్పటి కార్ఖానా వేరు. గన్నులు లేవు, ఫ్యాన్లు లేవు. లక్కని స్పిరిట్‌లో నానబెట్టి, దూదికి పాతగుడ్డ చుట్టి నిమ్మకాయంత ఉండ చేసి, దాంతో చెక్క మీద సున్నాలు చుట్టేవాడు నాన్న. సున్నా పక్కన సున్నా, సున్నా మీద సున్నా. మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్లిన పిల్ల బోర్లించిన డబ్బా మీద కూర్చుని వాటిని లెక్కపెట్టేది. వంద దాటాక లెక్క తప్పేది, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. చివరికి చెక్కలో ఆమె ముఖం తేలేది, నీళ్లలో తేలినట్టు.

"కనబడ్డావా?" అనేవాడు నాన్న.

"ముక్కు కనబడలేదు."

"అయితే ఇంకో రెండు చుట్లు" అని మళ్లీ వంగేవాడు.

సాయంత్రం ఆయన గుమ్మంలో చెప్పులు విడవకముందే అమ్మ వంటింట్లోంచి చెప్పేసేది, "ఇవాళ లక్క కాదు, ఆ కొత్త మందేదో పట్టారు. చొక్కా బయటే విప్పండి." ఆ విప్పిన చొక్కాని ఉండచుట్టి తలకింద పెట్టుకుని నిద్రపోయేది పిల్ల. ఘాటుగా, తియ్యగా, ముక్కు లోపల చక్కిలిగిలి పెట్టే ఆ వాసన వచ్చిందంటే నాన్న ఇంట్లో ఉన్నాడని అర్థం. తలుపు గడియ పడిందని, ఇక భయం లేదని అర్థం. ఎనిమిదో తరగతిలో అమ్మకి జబ్బుచేసి తన బడి ఆగిపోయినప్పుడు కూడా ఆ చొక్కాలోనే ముఖం దాచుకుని ఏడ్చింది. ఇప్పుడు అదే వాసనని కూతురు బడినుంచి తలలో మోసుకొచ్చి, "అమ్మా, ఇక్కడ నొప్పి" అని నుదురు చూపిస్తోంది. తనకి జోలపాట అయినదే పిల్లకి నొప్పి అయింది. దీనికి ఎవరి మీద కోప్పడాలో తెలియక వారం నుంచి ఆమెకి అన్నం సహించడం లేదు.

పదకొండింటికి ఓనరమ్మ పాలిష్ గది గుమ్మం దాకా వచ్చి, ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆవిడ భర్త ఉన్న రోజుల్లో ఇటువైపు వచ్చేదే కాదు. ఆయన పోయాక కళ్లజోడుకి తాడు కట్టి మెడలో వేసుకుని పని నేర్చుకుంది.

"మేస్త్రిగారూ, ఇవాళ తేల్చేద్దాం. థిన్నర్ అక్కర్లేని ఆ నీళ్ల పాలిష్ వేసిన తలుపులు ఇక్కడ పెట్టించాను. మీరు చూసి బాగుందంటే వచ్చే వారం నుంచి దానికే మారిపోదాం."

"బాగులేదంటే?"

"ఎందుకు బాగులేదో చెప్పాలి మరి."

గోడకి ఆనించిన తలుపుల పక్కన గన్ను నిలబడి ఉన్నాడు. గన్ను పట్టి రంగు చిమ్మేవాడు కాబట్టి అతన్ని అందరూ గన్ను అనే పిలుస్తారు. మేస్త్రి దగ్గరే పని నేర్చుకున్నాడు. మూతికి మాస్కు ఉన్నా మాటకి మాత్రం మూత లేదు.

"అందాల పోటీ గురువుగారూ. మార్కులు కాస్త దయచేసి వెయ్యండి."

మేస్త్రి మొదటి తలుపుని అరచేత్తో పైనుంచి కిందకి నిమిరాడు. మొహం చిట్లించాడు.

"ఏంట్రా ఇది, మూడ్రోజులు గెడ్డం గీసుకోనోడి చెంపలా ఉంది?"

"అది నా చెంప కాదు కదా గురువుగారూ, ఒకసారి సరిగా చూడండి."

"తడి తగిలితే చెక్క పోగులు లేస్తాయి నాన్నా" అంది నూటెనభై ముందుకొచ్చి. "అది మొదట చేసింది. రెండోదాన్ని ముందే తడిగుడ్డతో తుడిచేశాను. పోగులన్నీ లేచాక ఆరబెట్టి, రెండొందల నలభై కాగితంతో తేలిగ్గా కోసేశాను. దాని మీద పాలిష్ వేయించా. అది పట్టుకుని చూడు."

ఆయన రెండో తలుపు నిమిరాడు. ఇంకోసారి నిమిరాడు. కిటికీ వెలుగుకి తిప్పి, ఒక కన్ను మూసి చూశాడు. ఏమీ అనలేదు. బాగులేకపోతే నాన్న నోరు ఊరుకోదని నూటెనభైకి తెలుసు. గుండెలో ఏదో కాస్త తేలికపడింది.

"నునుపు ఉంది, కాదనను" అన్నాడు చివరికి. "ప్రాణం ఏదీ? అమ్మగారూ, పాలిష్ గది అంటే తలుపు తీయగానే మనిషిని పలకరించాలి. ఇదేంటి, మూగపిల్లలా? దీన్ని పెడితే ఇది పాలిష్ గదో స్నానాల గదో ఎవరికి తెలుస్తుంది? ఉండండి, అసలు వాసన ఎలా ఉంటుందో ఒక్కసారి చూపిస్తా. మీరూ మరిచిపోయి ఉంటారు."

అంటూ అల్మరా దగ్గరికి వెళ్లి, కింది అరలోంచి ఒక డబ్బా లాగాడు. పన్నెండో నంబరు థిన్నర్ అని చీటీ ఉన్న డబ్బా.

నూటెనభై ఒక అడుగు ముందుకు వేసింది.

ఆ కార్ఖానాలో ఖాళీ డబ్బా అంటే థిన్నర్ డబ్బాయే. మేకులు పోసుకునేది అందులోనే, కుంచెలు నిలబెట్టేది అందులోనే, చేతులు కడుక్కునే నీళ్లు తెచ్చుకునేదీ అందులోనే. అందుకే ఖాళీ అయిన డబ్బా మీద చీటీ గీకెయ్యాలని అక్కడ ఒక కట్టుబాటు ఉంది. నీళ్ల పాలిష్‌లో కలపడానికి మంచినీళ్లు కావాలని నూటెనభై ఒక డబ్బా తీసుకుని, సబ్బు వేసి వేడినీళ్లతో మూడుసార్లు కడిగి, నాలుగు రోజులు ఎండలో బోర్లించి, నిన్ననే నీళ్లు నింపింది. చీటీ గీకుదామని గోరు పెట్టింది కూడా. అంతలో పిల్లని బడినుంచి తెచ్చే వేళైందని పరిగెత్తింది.

"నాన్నా, అది..."

"ఆగు నువ్వు."

మూత తీశాడు. రెండు చేతులతో డబ్బాని ముఖం దగ్గరికి ఎత్తుకున్నాడు. కళ్లు మూసుకుని, గుండెల నిండా పీల్చాడు. కళ్లు తెరిచేసరికి ఆయన ముఖం పండగలా ఉంది.

"అబ్బ! ఇదండీ. పన్నెండో నంబరు, కొత్త పీపాలోది. ఘాటు చూడండి, ముక్కుపుటాలు ఎగిరిపోతున్నాయి. మీ నీళ్ల మందుకి ఇది వస్తుందా?"

గన్ను మాస్కు తియ్యకుండానే తలూపాడు. ఓనరమ్మ గుమ్మంలోనే ఇంకో అడుగు వెనక్కి వేసి రుమాలు గట్టిగా నొక్కుకుంది. ఇద్దరిలో ఎవరికీ అనుమానం రాలేదు. మేస్త్రి ముక్కు మాట మీద ఆ గదిలో నలభై ఏళ్లుగా ఎవరూ అనుమానపడలేదు మరి.

నూటెనభై ఒక్కతే నాన్న ముఖాన్ని చూస్తోంది. ఆయన ఆటపట్టించడం లేదు. ఎగతాళి అయితే ఎడమ కనుబొమ్మ లేస్తుంది. అది లేవలేదు. ఆయన మంచినీళ్లని వాసన చూసి థిన్నర్ అన్నాడు. నమ్మి అన్నాడు.

"ఇప్పుడు దీన్ని రెండు చుక్కలు మన పాలిష్‌లో వేసి, ఒక్క చుట్టు తిప్పి చూపిస్తా" అని ఆయన బల్ల మీది పాలిష్ గిన్నె వైపు డబ్బా వంచాడు.

ఆ పాలిష్‌లో నీళ్లు పడితే విరిగిన పాలలా ముద్దలు కడుతుంది. ఇంకెవరూ ఏమీ చెప్పక్కర్లేదు, గిన్నే చెప్పేస్తుంది. నూటెనభై ఆలోచించలేదు. ఒక్క ఉదుటున ముందుకెళ్లి మోచేత్తో కొట్టింది. డబ్బా ఆయన చేతుల్లోంచి ఎగిరి నేల మీద దొర్లింది. నీళ్లు బల్ల కింద దాకా పారాయి.

"అయ్యయ్యో! అరకిలో గాల్లోకి!" అంది ఓనరమ్మ.

నేల మీద పడిన థిన్నర్ కన్ను మూసి తెరిచేలోగా ఆరిపోతుంది. ఇది ఆరదు. తళతళా మెరుస్తూ అక్కడే ఉంటుంది. నూటెనభై మూలనున్న గోనెపట్టా లాగి దాని మీద పడేసి, మోకాళ్ల మీద కూలబడి, ఉన్న బలమంతా పెట్టి తుడవడం మొదలుపెట్టింది.

"ఏంటక్కా, నేలకి కూడా సానపెడుతున్నావా?" అన్నాడు గన్ను.

"నోరుమూసుకుని ఫ్యాను వెయ్యరా!"

"నీకు నూటెనభై కాదు, ఎనభై అని పెట్టాల్సింది పేరు" అంటూ అతను వెళ్లి ఫ్యాను వేశాడు. ఓనరమ్మ నిట్టూర్చింది.

"అమ్మాయ్, కాస్త నిదానం. సోమవారం వాళ్ల ముందు ఇలా చెయ్యి జారితే నేనేం చెప్పుకోను? ఆ మూడు కిలోల సంగతి కూడా ఇవాళో రేపో తేల్చు. అది తేలకపోతే ఎన్ని తలుపులు ఎంత నునుపుగా ఉన్నా గదికి సీలు పడుతుంది. మేస్త్రిగారి నలభై ఏళ్లకీ తాళం పడుతుంది. ఆ మాట నాకు నోటితో అనాలని లేదు."

నూటెనభై తలెత్తింది. నాన్న కదలకుండా నిలబడి తన కుడిచేతిని చూసుకుంటున్నాడు. డబ్బా జారినప్పుడు వేళ్ల మీద చిందింది. థిన్నర్ పడ్డ చర్మం క్షణం జివ్వుమని చల్లబడి, వెంటనే పొడిబారి తెల్లగా అవుతుంది. నలభై ఏళ్ల చేతికి అది ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన బొటనవేలితో మిగతా వేళ్లని మెల్లగా రాశాడు. తడి ఇంకా ఉంది.

తండ్రీకూతుళ్ల చూపులు కలిశాయి. ఆయనే ముందు తిప్పుకున్నాడు.

"ఇవాళ్టికి చాలమ్మగారూ" అన్నాడు. "తల కొంచెం బరువుగా ఉంది."

శనివారం ఒంటిగంటకే పని ఆపేస్తారు. రంపాలు ఒక్కొక్కటే మూగబోయాయి. సైకిళ్లు వెళ్లిపోయాయి. పిల్ల పక్కింటి పిన్ని దగ్గర ఉంది. నిద్రలేచి అమ్మేదని ఏడుస్తుందేమో, పిన్నికి విసుగొస్తుందేమో అని నూటెనభైకి ఒకపక్క పీకుతూనే ఉంది. అయినా ఇంటివైపు అడుగు పడలేదు. రెండు కావస్తుండగా వెళ్లి పాలిష్ గది తలుపు తోసింది.

ఫ్యాను ఆగి ఉంది. కిటికీలు వేసి ఉన్నాయి. పైకప్పు అద్దంలోంచి పడ్డ ఎండలో పొట్టు నలకలు నెమ్మదిగా తిరుగుతున్నాయి. నాన్న బల్ల పక్కన బోర్లించిన డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. సరిగ్గా ఏడేళ్ల పిల్ల కూర్చునే చోట. అక్కడ ఆయన్ని చూస్తే ఎంత చిన్నగా ఉన్నాడో తెలిసింది.

ఆమె వచ్చి నేల మీద ఎదురుగా కూర్చుంది. నేల మీది పొట్టులో వేలితో చాలాసేపు సున్నాలు చుట్టింది. కార్ఖానా గోడమీద ఎక్కడో పావురాలు గొణుక్కుంటున్నాయి.

"ఎన్నాళ్ల నుంచి నాన్నా?"

"ఏది?"

"నాన్నా."

ఆయన చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. లక్క పట్టి గోళ్లు ఎప్పటికీ గోధుమరంగే.

"నీ పెళ్లినాటికి సగం వచ్చేది. నీకు పిల్ల పుట్టేనాటికి ఘాటైనవి తప్ప రాలేదు. తర్వాత అవీ పోయాయి. ఒక్కరోజులో పోతే కనిపెట్టేవాణ్ణేమో అమ్మలూ. దీపం వత్తి తగ్గించినట్టు, కొంచెం కొంచెంగా."

"మరి ఇన్నాళ్లూ ఎలా? రోజూ మూత తీసి ఇది ఫలానా, ఇది పాతబడింది అని చెబుతూనే ఉన్నావు కదా!"

"చెయ్యుందిగా. మణికట్టు మీద ఒక చుక్క వేసుకుంటా. చల్లదనం ఎంతసేపు నిలుస్తుందో దాన్నిబట్టి నంబరు తెలుస్తుంది. చెయ్యి చెప్పింది విని, ముక్కుతో వేషం వేస్తా." ఆయన నవ్వబోయాడు. "ఇవాళ పౌరుషం వచ్చి చేతిని అడగడం మరిచిపోయా. చీటీ చూసి నమ్మేశా. ఆ చీటీ గీకాల్సింది ఎవరు?"

"నేనే."

"అదీ. ఇంత వయసొచ్చింది, చీటీ గీకడం రాదు."

ఆమెకీ నవ్వొచ్చింది, దాంతోపాటు కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఇంకోటి గుర్తొచ్చి ఆ నీళ్లు ఆగకుండా కారాయి. ఇంట్లో అమ్మ బీరువా ఒకటుంది. నాన్నే చేశాడు. దాని లోపలి అరలో అమ్మ శాలువా మడతపెట్టి ఉంటుంది. అమ్మ పోయి మూడేళ్లయినా ఆ మడతల్లో అమ్మ ఉంది. నూటెనభై పుట్టింటికి వచ్చినప్పుడల్లా తలుపు తీసి, శాలువాలో ముఖం పెట్టి, కాసేపు కూతురైపోయి, మళ్లీ తల్లిగా బయటికొచ్చేది. నాన్న మాత్రం ఆ గదిలోకే రాడు. అరుగు మీద కూర్చుని రోడ్డు చూస్తుంటాడు. ఒకసారి ఆమె పట్టలేక, "నీది గుండె కాదు నాన్నా, టేకు దుంగ" అనేసింది కూడా.

"నువ్వు అమ్మ బీరువా ఎందుకు తెరవవో నాకు ఇవాళే తెలిసింది" అంది.

"ఒకసారి తెరిచా" అన్నాడాయన. "నువ్వు లేనప్పుడు. నువ్వు చేసినట్టే శాలువా తీసి ముఖానికి పెట్టుకున్నా. ఉన్ని గుచ్చుకుంది." అరచేత్తో చెంప రుద్దుకున్నాడు. "అంతే. ఉన్ని గుచ్చుకుంది."

ఏదో ఒకటి చేయాలి కాబట్టి ఆమె, పొద్దున తుడిచిన గోనెపట్టా బల్ల కింద తడిగా పడి ఉంటే తీద్దామని వెనక్కి తిరిగి వంగింది. పట్టాని లాగింది. దాని వెనక, గోడకి ఆనుకుని, వెడల్పాటి బకెట్ ఉంది. దాని మూత పక్కన బోర్లించి ఉంది. బకెట్‌లో సగానికి పైగా థిన్నర్. పైన ఎండ తునక పడి వణుకుతోంది.

రోజూ పోయే మూడు కిలోలు ఇందులోంచే.

నూటెనభై ఆ బకెట్‌నీ నాన్ననీ మార్చి మార్చి చూసింది.

"నువ్వా?"

ఆయన తల వంచుకున్నాడు.

"ఎందుకు నాన్నా? ఎవరైనా నీకు పగవాళ్లా? వారం నుంచి ఈ మూడు కిలోల కోసం నేను పీపాల చుట్టూ ప్రదక్షిణాలు చేస్తుంటే చూస్తూ ఊరుకున్నావు!"

"అరవకే. చెబుతా." నేల మీది పొట్టుని కాలితో ఒక దగ్గరికి చేర్చాడు. "రాత్రంతా మూసిన గదిలో మూత తీసి పెడితే వాసన నిండిపోతుంది కదా. పొద్దున తలుపు తీయగానే ముఖాన కొడుతుంది. చిన్నప్పుడు నువ్వు 'అబ్బా' అని ముక్కు మూసుకుని పరిగెత్తేదానివి, జ్ఞాపకముందా? ఆ మొదటి దెబ్బ. ఎప్పటికైనా నాకు వాసన తిరిగొచ్చేదుంటే ముందు అదే రావాలి. అంతకంటే గట్టిది ఇంకోటి లేదు. అందుకని రోజూ పీపాలోంచి వంచి పెట్టి వెళతా. పొద్దున అందరికంటే ముందొచ్చి, తలుపు తీసి, గుమ్మంలో నిలబడి చూస్తా. రాకపోతే, మిగిలింది పీపాలో పోసేసి ఫ్యాను వేస్తా. మీరొచ్చేసరికి గది మామూలే."

"అది వస్తే ఏం చేస్తావు?"

"అది వస్తే మిగతావీ వస్తాయేమో" అన్నాడు. ఆ మిగతావి ఏవో చెప్పలేదు.

ఇంకెప్పుడైనా అయితే ఆమె ఆయన్ని పట్టుకుని ఏడ్చేసేది. కానీ ఫ్యాను అన్న మాట చెవిలో పడి అక్కడే ఇరుక్కుంది. ఇంట్లో చిన్నపిల్ల ఉన్న ఆడదాని బుర్ర ఎక్కడికి పరిగెడుతుందో వేరే చెప్పక్కర్లేదు.

"ఫ్యాను ఎన్నింటికి వేస్తావు?"

"ఏడున్నర... ఎనిమిదింటికి."

"ఎనిమిదింటికి ఆ గోడ అవతల పిల్లలు వరసలో నిలబడతారు నాన్నా. పొట్టివాళ్లు ముందు. నీ మనవరాలు మొదటి వరస. రాత్రంతా నిండిన గదిని నువ్వు ఒక్కసారిగా తీసుకెళ్లి దాని ముఖాన వదులుతున్నావు. 'ఇక్కడ నొప్పి' అని అది నుదురు చూపిస్తే, నీ ఒళ్లోనే కూర్చోబెట్టుకుని ఊదావు కదా మొన్న!"

మేస్త్రి డబ్బా మీద నుంచి సగం లేచి, మళ్లీ కూలబడ్డాడు. ముఖంలో రంగు మొత్తం దిగిపోయింది.

"నాకు రానిది ఇంకొకరికి వస్తుందని తోచలేదమ్మలూ. నాకు ఆ బకెట్‌లో ఉన్నవి నీళ్లే. నీళ్లు ఆవిరైతే ఎవరికేంటి అనుకున్నా."

నూటెనభై కోపం అక్కడితో తెగింది. నలభై ఏళ్లు ఆ గది ఆయన్ని పోషించింది, పోషిస్తూనే కొంచెం కొంచెంగా తినేసింది కూడా. ఆయన ఆ గదిని ఇంకా ప్రేమిస్తూనే ఉన్నాడు. అమాయకంగా, బకెట్ పక్కన కూర్చుని.

ఆయన లేచాడు. బల్ల పట్టుకుని వంగి, మూత తీసుకుని, బకెట్ మీద పెట్టి, నాలుగు వైపులా పిడికిలితో గుద్ది బిగించాడు. జేబులోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"సోమవారం తలుపు నువ్వు తియ్యి. అమ్మగారితో నువ్వేం చెప్పకు, నేనే చెబుతా. ముక్కు సంగతీ చెబుతా, బకెట్ సంగతీ చెబుతా. ముక్కు లేని మేస్త్రిని ఉంచుకుంటుందో లేదో ఆవిడిష్టం. ఆ నీళ్ల పాలిష్‌కి వాసనతో పనిలేదు కదా, చెయ్యి చాలు. నా చెయ్యింకా బానే ఉంది." మూత మీద చెయ్యి వేసి, "ఆ రెండో తలుపు బాగా చేశావు" అన్నాడు గోడకి చెప్పినట్టు.

పెళ్లయ్యాక నాన్న నోటి నుంచి ఆమె విన్న మొదటి మెచ్చుకోలు అది. తాళంచెవి ఆయన ఒంటి వేడికి వెచ్చగా ఉంది. సోమవారం గట్టెక్కినట్టే. మూడు కిలోలు దొరికాయి, గది నిలుస్తుంది, పిల్ల నుదురు చల్లబడుతుంది. ఆమె లేచి బట్టలకంటిన పొట్టు దులుపుకుంది.

"పద నాన్నా. పిన్ని ఈపాటికి నన్ను తిట్టుకుంటూ ఉంటుంది."

ఆయన కదల్లేదు. మూత మీద చెయ్యి అలాగే ఉంచి, ఆమెని వింతగా చూస్తున్నాడు. తలుపుని వెలుగుకి తిప్పి లోపం వెతికేటప్పుడు చూసే చూపు అది.

"నువ్వొచ్చి ఎంతసేపైందే?"

"అరగంట. ఎక్కువే."

"ఇవాళ అందరూ ముందే వెళతారని, ఒంటిగంటకే మూత తీశా. కిటికీలు వేసి, ఫ్యాను ఆపి. బకెట్ నీ వీపు వెనకే ఉంది."

"అయితే?"

"మూత తీసి ఉందని నీకెప్పుడు తెలిసింది?"

"ఇందాక. పట్టా లాగితే చూశాను కదా."

"చూశావు" అన్నాడు నాన్న.

నూటెనభై నవ్వబోయింది. నవ్వు పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. పన్నెండేళ్లుగా ఆమె సానబల్ల ఈ గది గోడని ఆనుకునే ఉంది. ఆమె మళ్లీ మోకాళ్ల మీద కూర్చుంది. నాన్న చేతిని పక్కకి జరిపి, బిగించిన మూతని గోళ్లతో పైకి లాగింది. అది చప్పుడు చేస్తూ ఊడి వచ్చింది. బకెట్ మీదకి వంగి, కళ్లు మూసుకుని, గుండెల నిండా పీల్చింది.

మేస్త్రి ఊపిరి బిగబట్టి కూతురి ముఖంలోకి చూస్తున్నాడు.